నాన్నగారి గిటారు వయసు ఎలా తేల్చాలి?

సాగరతీరం:
అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. మా నాన్నగారు సరుకు ఓడల్లో ఇంజిన్ గదిలో పనిచేసేవారు. ఆయన పోయి రెండేళ్లయింది. బీరువా మీద దుప్పటిలో చుట్టి ఉన్న ఆయన గిటారును పోయిన వారమే కిందికి దించాను. తల మీద యమహా పేరు, మూడు శ్రుతిదండాల గుర్తు ఉన్నాయి. గుండ్రటి రంధ్రంలోంచి చూస్తే ఎర్ర చీటీ మీద నిప్పాన్ గక్కి అని, ఎఫ్‌జీ-180 అని కనిపిస్తున్నాయి. లోపల ఇంకోచోట చెక్క మీద సిరాముద్ర ఉంది. అందులో 46 అన్నది మాత్రమే చదవగలిగాను.

అమ్మ మాట ప్రకారం, మా అక్క అన్నప్రాసన నాటికి నాన్న దాన్ని జపాన్ నుంచి తెచ్చారు. అక్క పుట్టింది 1971 జూన్‌లో. బాబాయి మాత్రం 46 అంటే 1946 అనీ, ఓడలో ఎవరో అమ్ముకుంటే నాన్న పాతదే కొన్నారనీ అంటున్నారు. ధర గురించి నాకు పట్టింపు లేదు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తెలిస్తే చాలు.

పాతవాద్యాలు:
బాబాయిగారు పొరబడటం సహజమే. ఆ 46 మన లెక్క ప్రకారం వేసిన సంవత్సరం కాదు. హిరోహితో చక్రవర్తి 1926 డిసెంబరులో సింహాసనం ఎక్కాడు. అప్పటినుంచి ఆయన మరణం దాకా జపాన్‌వారు షోవా శకంలోనే సంవత్సరాలు లెక్కపెట్టేవారు. 1926 షోవా 1 కాబట్టి, ముద్రలో ఉన్న అంకెకు 1925 కలపాలి. 46కు కలిపితే 1971 వస్తుంది.

ఇంకో ఆధారం కూడా ఉంది. ఎఫ్‌జీ వరుస గిటార్లు మొదలైందే 1966లో, ఆ మొదటి రెండు నమూనాల్లో మీ 180 ఒకటి. కాబట్టి 1946 అనే మాటకు తావే లేదు. నిప్పాన్ గక్కి అంటే కంపెనీ పాత పేరు. 1987లో యమహా కార్పొరేషన్‌గా మారింది. ఎర్ర చీటీలు జపాన్‌లోని హమామత్సులో తయారైన తొలి తరానివి. వాటి తరువాత ఆకుపచ్చ చీటీలు వచ్చాయి, తైవాన్ తయారీ కూడా మొదలైంది.

పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం ఒకటి తెచ్చుకోండి. తీగలు వదులు చేసి, ఫోను దీపం లోపలికి పట్టి, మెడ వచ్చి డొల్లలో కలిసే చోట ఉన్న దిమ్మను చూడండి. మధ్యలో చుక్కలతో మూడు అంకెలు ఉంటే, అవి వరుసగా సంవత్సరం, నెల, తేదీ. అది ఆ చెక్కకు ముద్ర వేసిన రోజు. గిటారు పూర్తయి దుకాణానికి చేరింది ఆ తరువాతే.

పెన్సిల్వేనియా తెలుగు:
ఇక్కడి మార్టిన్ కంపెనీ గిటార్లకు ఇంత కష్టం లేదు. వాళ్లు 1898 నుంచి ఒకటే వరుసలో అంకెలు వేస్తూ వచ్చారు, ఏ ఏడాది ఏ అంకెతో ముగిసిందో కంపెనీయే ప్రకటిస్తుంది. పక్కింటి పెద్దాయన నుంచి నేను కొన్న డీ-28 నమూనా గిటారు వయసు అయిదు నిమిషాల్లో తేలిపోయింది. 1970లో చేసినది.

నన్ను ఆపేసింది మాత్రం వెనక చెక్క. బ్రెజిల్ తన రోజ్‌వుడ్ దుంగల ఎగుమతిని ఆపేయడంతో మార్టిన్ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. అంటే మన జిట్రేగి. వెడల్పాటి బ్రెజిల్ పలకలకు అంతకుముందే కరవు మొదలైంది. వెనక భాగాన్ని మూడు ముక్కలుగా అతికే డీ-35 నమూనా 1965లో పుట్టింది కూడా ఆ కరవు వల్లే. మా తాతగారి ఇంట్లో జిట్రేగి మంచం ఉండేది. గిటారు వెనక్కి తిప్పి, ఊదారంగు మీద సాగే ఆ నల్లటి గీతలు చూడగానే ఆ మంచమే గుర్తొచ్చింది. మార్టిన్ వాళ్ల నాజరెత్ పట్టణంలో తయారైన వాద్యానికి వీపు దక్షిణ భారతపు అడవులదని తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఒక జాగ్రత్త. బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉన్న గిటారును అనుమతి పత్రం లేకుండా దేశం దాటించకూడదు. 1992 నుంచి దాని మీద అంతర్జాతీయ నిషేధం ఉంది. మిగతా రోజ్‌వుడ్ రకాలు వాడి, తయారీ పూర్తయిన వాద్యాలకు 2019లో సడలింపు ఇచ్చారు.

లాలాగూడ రైల్వే క్వార్టర్స్:
అంకె, చీటీ, ముద్ర ఏవీ లేనివాళ్ల అనుభవం కూడా రాస్తాను. మా తాతగారు రైల్వే గార్డు. ఆయన గిటారు కలకత్తా తయారీ అని ఇంట్లో అనుకునేవారు. అంతకు మించి ఆధారం లేదు. దాని మీద ఎవరి పేరూ లేదు.

చివరికి పెట్టే దారి చూపింది. అడుగున అతికించిన మఖమలు గుడ్డ ఒక మూల ఊడిపోయి ఉంది. దాని కింద పరిచిన వార్తాపత్రిక ముక్క మీద 1958 అని ఉంది. పెట్టె అంతకు ముందుది కాదని మాత్రం తేలింది. పాత గిటారుకు కొత్త పెట్టె చేయించి ఉండవచ్చు కాబట్టి, గిటారు వయసు అదే అని నేను అనను.

అంతకన్నా విలువైన సంగతి గిటారు మెడ మీది మెట్ల (ఫ్రెట్ల) మీద దొరికింది. ఏళ్ల తరబడి వాయించిన గిటారుకు మొదటి మూడు మెట్లూ తీగ కింద గుంటలు పడాలి కదా. దీనికి ఒక్క గుంట కూడా లేదు. తల దగ్గర తీగలు ఆనే మేరువు మాత్రం మామూలు కన్నా బాగా ఎత్తు. వాయించనే లేదేమో అనుకున్నాను. తరువాత అర్థమైంది, తాతగారు దాన్ని ఒడిలో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ హవాయి పద్ధతిలో వాయించేవారు. కడ్డీ మెట్లను తాకదు. ఆయన గిటారు పట్టుకున్న ఫోటో ఒక్కటీ మా దగ్గర లేదు. ఎలా కూర్చుని వాయించేవారో ఆ మెట్లను చూసే తెలుసుకున్నాను.

బెజవాడ మరమ్మతు:
ముప్పయ్యేళ్లుగా వీణలు, గిటార్లు బాగుచేస్తున్నాను. సాగరతీరం గారూ, దయచేసి మూడు పనులు చేయకండి. మెరుగు పెట్టించకండి. ఎర్ర చీటీ అంచులు లేచి ఉన్నా జిగురు పూయకండి. తీగలు బిగించే బిరడాలు తుప్పు పట్టాయని కొత్తవి వేయించకండి. తప్పనిసరై మార్చినా పాతవి, వాటి మరలతో సహా, ఒక సంచిలో వేసి గిటారుతోనే ఉంచండి. రేపు ఇంకొకరు వయసు తేల్చాలంటే అవే సాక్ష్యం.

మీ 180 పై పలక పొరలు అతికించిన స్ప్రూస్. ఒకే చెక్క కాదని కొందరు చిన్నచూపు చూస్తారు. నేను ఒప్పుకోను. సముద్రపు గాలిలో అరవయ్యేళ్లకు దగ్గరపడినా ఆ పలక చీలకుండా ఉందంటే ఆ పొరలే కారణం.

అసలు చూడవలసింది మెడ. పొడవాటి స్కేలును మెట్ల మీదుగా గుర్రం వైపు, అంటే డొల్ల మీద తీగలు ఆనే దిమ్మ వైపు పెట్టండి. దాని కొస గుర్రం పై అంచును తాకితే మంచిది. బాగా కిందికి తగులుతుంటే మెడ ముందుకు వంగినట్టే. ఈ పాత యమహాల మెడ ఊడదీయడం చాలా కష్టం. ధైర్యంగా ఊడదీస్తానన్నవాళ్లకు ఇవ్వకండి.

సాగరతీరం:
అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి అద్దం పెట్టి చూశాను. అద్దంలో అంకెలు తిరగబడి కనిపిస్తే కాగితం మీద గీసుకుని మళ్లీ తిప్పి చదివాను. 46, చుక్క, 5, చుక్క, ఆ తరువాత 2. దాని పక్కన ఇంకో అంకె ఉంది కానీ సిరా అలుక్కుపోయింది. 1971 మే నెల. అక్క పుట్టడానికి నెల ముందు.

తరువాత నాన్నగారి ట్రంకు పెట్టె తెరిచాను. ఓడ ఎక్కిన, దిగిన తేదీలు నమోదయ్యే ఆయన సీడీసీ పుస్తకంలో 1971 ఫిబ్రవరిలో ఓడ ఎక్కినట్టు, నవంబరు మొదటి వారంలో దిగినట్టు ముద్రలు ఉన్నాయి. ఆడపిల్లకు మా ఇంట్లో అయిదో నెలలో అన్నప్రాసన చేస్తారు. జూన్ చివర్లో పుట్టిన పిల్లకు అది నవంబరులోనే వస్తుంది. ఈ లెక్క అమ్మకు చెప్తే, "నేను మొదటినుంచీ అదే కదా చెప్తున్నాను" అంది. గిటారు ఒడిలో పెట్టమంది. మీటలేదు, మెడ వెనక నునుపుదేలిన చోట బొటనవేలు ఆనించి చాలాసేపు అలాగే కూర్చుంది. బాబాయికి ఫోను చేసి చెప్పాను, ఆయన కూడా సంతోషించారు.

స్కేలు పెట్టి చూశాను. గుర్రం అంచుకు కొద్దిగా కిందికి తగులుతోంది, రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. అక్క వచ్చే నెల వస్తోంది. తనే మొదట వాయించాలని అమ్మ కోరిక. తీగలు వేయవచ్చా?

బెజవాడ మరమ్మతు:
వేయవచ్చు. లావు తీగలు వద్దు, పదకొండు నంబరు సన్నవి తీసుకోండి. ఒక్కసారిగా శ్రుతికి లాగకుండా రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచండి. ముందు ఒక స్వరం తగ్గించి వాయించమనండి. వారం తరువాత మళ్లీ స్కేలు పెట్టి, ఎంత తేడా వచ్చిందో ఇక్కడ రాయండి.