ఫిల్లర్ ఎపిసోడ్లు చూడాలా, వదిలేయాలా? మీ అనుభవాలు చెప్పండి

కొత్త_ప్రేక్షకుడు:
తమ్ముడితో కలిసి రోజుకు రెండేసి ఎపిసోడ్లు ‘నరుటో’ అనే అనిమే (జపాన్ యానిమేషన్ సీరియల్) చూస్తున్నాను. 135 పూర్తయింది. నరుటో స్నేహితుడు సాసుకే ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఆ రాత్రి తమ్ముడికి అన్నం సహించలేదు. 136 నుంచి 220 దాకా దాదాపు అంతా ఫిల్లరే, అంటే మూలమైన మాంగాలో (జపాన్ కామిక్‌లో) లేని కథేనని స్నేహితుడు అంటున్నాడు. చూడమంటారా?

అర్ధరాత్రి_పాఠకురాలు:
నేను అన్నీ వరుసగా చూశాను. మీకు మాత్రం వద్దనే చెబుతాను. మీ తమ్ముడి గొంతులో ఇప్పుడున్న ఆ ముద్ద, ఎనభై ఎపిసోడ్ల చిల్లర పనుల మధ్య కరిగిపోతుంది. నాకు అలాగే కరిగిపోయింది. నేరుగా 220కి వెళ్లండి. నరుటో తన గురువు జిరాయాతో శిక్షణకు బయలుదేరేది అందులోనే.
అయితే ఫిల్లర్లన్నీ చెత్త అనుకోవద్దు. 101 కూడా ఫిల్లరే. ముసుగు వెనుక కాకాషీ మాస్టారి ముఖం చూడాలని నరుటో, సాసుకే, సకురా ముగ్గురూ పడే పాట్లు గుర్తున్నాయి కదా? చివరికి ఆయన ముసుగు తీస్తే కింద ఇంకో ముసుగు! ఆ ముగ్గురూ కలిసి నవ్వుకున్న రోజులు చూశాం కాబట్టే సాసుకే వెళ్లిపోతే అంత బాధ.

నల్లకత్తి:
అసలు చిక్కు లెక్కలో ఉంది. మాంగా వారానికి ఒక అధ్యాయం, ఇరవై పేజీలకు కాస్త అటూ ఇటూ. అనిమే ఎపిసోడ్ ఒక్కటే అలాంటివి రెండు మింగేస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు మూలకథను అందుకోక తప్పదు. ప్రసారం ఆపకూడదంటే కథ కల్పించాలి.
‘బ్లీచ్’లో నన్ను బాధపెట్టింది ఆ కల్పన కాదు, దాన్ని పెట్టిన చోటు. 167లో శత్రువు గ్రిమ్‌జోతో హీరో పోరు ముగిసింది. అతను కాపాడటానికి వచ్చిన ఒరిహిమే ఇంకా శత్రువుల కోటలోనే ఉంది. 168 తెరిస్తే ఎవరో కొత్త కెప్టెన్ కథ! 189 దాకా అదే. వారం వారం చూసినవాళ్లు నెలల తరబడి ఎలా ఆగారో. 2022లో తిరిగి వచ్చాక విడతలుగా తీస్తున్నారు, ఆ అవస్థ తప్పింది.

ఓడ_వంటవాడు:
‘వన్ పీస్’ 196 నుంచి 206 వరకు చూడండి, అదీ ఫిల్లరే. ఆకాశ ద్వీపం నుంచి దిగిన మన సముద్రపు దొంగల ఓడ సరిగ్గా నౌకాదళం కోటలో పడుతుంది. అసలు కథ ఆగిన క్షణం నుంచే మొదలు, ఎక్కడా అతుకు కనిపించదు. అక్కడి వంటశాలలో పారేసే తుక్కుతో ఓడ వంటవాడు సాంజీ వంట చేసి చూపిస్తాడు. ఆకలి విలువ తెలిసినవాడు ఇంకేం చేస్తాడు? రాసినవాళ్లకు ఆ మనిషి తెలుసు.

పిట్టకథల_మనవరాలు:
మా తాతయ్య హరికథలకు తీసుకెళ్లేవారు. దాసుగారు మధ్యలో పిట్టకథ ఎత్తుకుంటే ఎవరూ లేచి వెళ్లేవారు కాదు. అరణ్యపర్వంలో నలుడి కథ కూడా దారి తప్పినట్టే ఉంటుంది. కానీ వింటున్నది జూదంలో రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజు, ఆ నలుడూ జూదంలోనే ఓడినవాడు. వినేవాడి గాయాన్ని తాకే పిట్టకథ ఎంత పొడవైనా నాకు అభ్యంతరం లేదు.

కొత్త_ప్రేక్షకుడు:
అందరికీ ధన్యవాదాలు. 220 చూద్దామని పిలిస్తే తమ్ముడు ఒప్పుకోలేదు. ముందు 101 మళ్లీ పెట్టమన్నాడు. ముగ్గురూ ఒకే చోట ఉన్నది చూడాలట. ఇప్పుడే పెట్టాను.