తక్కువ తిరిగే స్పోర్ట్స్ కారుకు మెత్తటి టైర్లు వేయొచ్చా?

ప్రశ్న:
నా మజ్దా ఎంఎక్స్-5 ఆదివారం పొద్దున తప్ప బయటికి రాదు. ఏడాదికి 2,000 కిలోమీటర్లు కూడా దాటదు. టైర్ల గాడి ఇంకా 6 మిల్లీమీటర్లు ఉంది, కానీ పక్క రబ్బరును వేలితో నొక్కితే వెంట్రుకంత పగుళ్లు విచ్చుకుంటున్నాయి. మొన్న తడి రోడ్డు మీద మలుపులో వెనక భాగం జారింది, గుండె ఆగినంత పనైంది. అరుగుదల గురించి బెంగ లేదు, పట్టు కావాలి. ట్రెడ్‌వేర్ (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె, తక్కువైతే సాధారణంగా రబ్బరు మెత్తన) 200 ఉన్నవి తీసుకోనా, 300 ఉన్నవి తీసుకోనా?

జవాబు 1:
ముందు తేదీ చూడండి. టైరు పక్కన DOT అని మొదలయ్యే డాట్ కోడ్ చివరి నాలుగంకెలు 2317 అయితే 2017లో 23వ వారం తయారీ అని అర్థం. మీ వాడకానికి టైరు అరిగిపోయేలోపే వయసైపోతుంది. కాబట్టి ఎక్కువ మన్నే గట్టి రబ్బరుకు డబ్బు పెట్టడం దండగ. తడిలో కూడా నడుపుతారు కాబట్టి నా ఓటు 300కే. 200లో చాలావాటికి గాళ్లు తక్కువ, నిలిచిన నీళ్ల మీద తేలిపోతాయి. అయితే ఆ అంకె కంపెనీ తనకు తాను ఇచ్చుకునేదే, రెండు బ్రాండ్లను దాంతోనే పోల్చకండి.

జవాబు 2:
నేను రెండేళ్లు 200 వాడాను. వేడెక్కాక పట్టు అద్భుతం. చల్లగా ఉన్నప్పుడు మాత్రం మొదటి కొన్ని కిలోమీటర్లు భయం భయంగానే నడపాలి. గులకరాళ్లు అతుక్కుని చక్రం గూట్లో టకటకమంటాయి. గడ్డకట్టే చలిలో అసలు కదపకండి, రబ్బరు పగలొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే టార్చి వేసి చూశాను, 0816! పదేళ్ల కిందటివి. కారు అమ్మినాయన కొత్త టైర్లన్నాడు. నాలుగూ 300వే మార్చేస్తున్నానండీ.