అఖిలార్థినా, అఖిలార్థనా?

కొత్తపేట బావ: మా సంస్థలో ఈ ఏడాది సీనియర్లు చాలామంది రిటైరవుతున్నారు. వాళ్లకు తెలిసిన పనిని కొత్తవాళ్లకు అప్పగించడం మీద తెలుగులో చిన్న పుస్తకం వేస్తున్నాం. 'మేధో మూలధనం' అనే మొదటి అధ్యాయానికి పైన, భర్తృహరి సంస్కృత నీతిశతకాన్ని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి పద్యం పెడదామనుకున్నాను. "విద్య యను దివ్యధనం బఖిలార్థ కోటికిం, బూర్తిగ నిచ్చినం బెరుగు" దగ్గర చిక్కుకుపోయాను. అర్థకోటినా, అర్థికోటినా? ఎలా చదివినా గణం చెడడం లేదు.

ఛందోపిచ్చి: ర్థి. మూలంలో భర్తృహరి "అర్థిభ్యః ప్రతిపాద్యమానమనిశం" అన్నాడు. అడిగినవాళ్లందరికీ అని. ఇందులో చర్చ ఏముంది?

లెక్కల మాస్టారు: సంస్కృతం చూసి తెలుగు దిద్దడం మొదలుపెడితే చివరికి ఏమీ మిగలదు. మూలంలో 'అనిశం', అంటే ఎప్పుడూ. మనవాడు 'పూర్తిగ' అన్నాడు. ప్రతి పాదంలో రెండో అక్షరంగా రావాల్సిన ర్త ప్రాస కోసం తెచ్చిన మాట అది. బావగారూ, మీ పుస్తకానికి అసలు ఇబ్బంది ర్థి కాదు, ఆ పూర్తిగ. మనిషి తనకు తెలిసినదంతా చెప్పలేడని తత్వవేత్త మైకేల్ పొలానీ 1966లోనే రాశాడు. బాయిలర్ దగ్గర ముప్ఫయ్యేళ్లు చేసినాయన శబ్దం విని తేడా పట్టేస్తాడు. హ్యాండోవర్ ఫారం ఇచ్చి నింపమంటే ఆయన ఏం నింపుతాడు? పక్కన ఒక కుర్రాణ్ణి ఆర్నెల్లు నిలబెట్టాలి గానీ.

గోదారి గట్టు: 'పూర్తిగ' అంటే దాపరికం లేకుండా అని. ఇచ్చేవాడి మనసుకు సంబంధించిన మాట. మీరు కొలతపాత్ర పట్టుకుని చూస్తున్నారు.

లెక్కల మాస్టారు: ఎలా చూసినా ఆ 'బూర్తిగ' ప్రాసకే కాదు, యతికి కూడా అవసరం: పాదం మొదట్లో 'బూ', మధ్యలో 'బోదు'లోని 'బో' కలవాలి. నా మాటే గట్టిపడింది.

కాకినాడ ఆడిటర్: మీరంతా మొదటి పాదం వదిలేశారు. "హర్తకుఁ గాదు గోచరము." దొంగకే కాదండీ, ఆడిటర్‌కీ కనబడదు. కంటికి కనబడని ఆస్తుల లెక్కల ప్రమాణం ఇండ్ ఏఎస్ 38 ప్రకారం ట్రైనింగ్‌కి పెట్టిన డబ్బు ఆ ఏడాది ఖర్చే, ఆస్తి కాదు. ఉద్యోగి నైపుణ్యం మీద సంస్థకు తగినంత పట్టు ఉండదు కాబట్టి అదీ మామూలుగా పుస్తకాలకెక్కదు. స్వీడన్ బీమా సంస్థ స్కాండియా 1994 వార్షిక నివేదికకు మేధో మూలధనం మీద ప్రత్యేక అనుబంధం వేసింది. ఆ సంస్థలోని లీఫ్ ఎడ్విన్సన్ పని అది. సాయంత్రం మనుషులతో ఇంటికి పోయేది మానవ మూలధనం, ఆఫీసులో మిగిలేది నిర్మాణ మూలధనం అని విడదీశారు. ఇన్ఫోసిస్ కూడా లెవ్-ష్వార్ట్జ్ పద్ధతిలో, అంటే ముందుముందు వచ్చే జీతాలను బట్టి, ఉద్యోగుల విలువ కట్టి వార్షిక నివేదికల్లో చూపించేది, కానీ బ్యాలెన్స్ షీట్‌కి బయటే.

గోదారి గట్టు: లక్ష్మణకవి పూర్వీకుల ఇంటిపేరు పైడిపాటి. బహుమానంగా ఏనుగు రావడంతో ఇంటిపేరే మారిపోయిందంటారు. ఆ ఏనుగు ఆస్తుల పట్టీలోకి ఎక్కుతుంది. పద్యం ఎక్కదు, అంతేగా ఆడిటర్ గారూ?

కాకినాడ ఆడిటర్: ఎక్కదు. ఏనుగుకి తరుగుదల కూడా వేస్తాం.

పాలమూరోణ్ణి: ఎప్పుడూ మీ పెద్దాపురం లక్ష్మణకవేనా? మా జటప్రోలు సంస్థానంలో ఎలకూచి బాలసరస్వతి అంతకుముందే భర్తృహరిని తెలుగు చేసిండు. "సురభిమల్లా! నీతివాచస్పతీ!" మకుటం వినగానే ఒళ్లు పులకరిస్తది. శార్దూలం నాలుగో పాదంలో 11 అక్షరాలు మకుటానికే పోతయి, మిగిలిన ఎనిమిదింట్ల విషయం ముగించాలె. ఆ కట్టుబాటు ముందు మీ ఉత్పలమాల సుఖంగా ఉంటది.

ఛందోపిచ్చి: బాలసరస్వతి గొప్పే, ఒప్పుకుంటా. కానీ ఇక్కడ అసలు నష్టం ఎవరూ చూడలేదు. మూలంలో 'అంతర్ధనం', లోపలి ధనం. అది 'దివ్యధనం' అయింది. మేధో మూలధనానికి అంతర్ధనాన్ని మించిన మాట ఏముంది? రెండో పాదం మొదట్లోని 'త్కీర్తి'లో త్‌కి యతి వేయాలి కాబట్టి 'ది' వచ్చింది, 'లోపల' పోయింది.

లెక్కల మాస్టారు: క్‌కి కూడా వేయొచ్చుగా. అప్పుడు 'ది' అవసరమే లేదు. అంటే దివ్య ఆయన కావాలని ఎంచుకున్నదే.

కొత్తపేట బావ: సార్లూ, ర్థి అని ఖాయం చేసుకోనా? రేపు ప్రెస్‌కి పంపాలి.

వైజాగ్ కన్సల్టెంట్: తొందరపడకండి. నేను 'అర్థకోటికిన్' అనే చదువుతా. కోటి అర్థాలకు, అంటే డబ్బు తీసుకుని చెప్పినా పెరుగుతుందని. మా వృత్తి అంతా అదే.

ఛందోపిచ్చి: మీ బిల్లు కోసం విభక్తిని విరగ్గొట్టకండి. ఇచ్చినన్ అనే క్రియకు పుచ్చుకునేవాడు కావాలా వద్దా?

కాకినాడ ఆడిటర్: పెరగడం సరే, ఎవరి దగ్గర పెరుగుతుందన్నది నా ప్రశ్న. నేర్పించిన కుర్రాణ్ణి పోటీ కంపెనీ పట్టుకుపోతే? 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ఉండగా, మానేశాక ఫలానా చోట చేరకూడదన్న షరతు మన కోర్టుల్లో నిలవదు. వ్యాపార రహస్యం, ఫైళ్లు వేరే సంగతి. హర్తకు గోచరం కాకపోయినా లింక్డ్‌ఇన్‌లో గోచరమే.

గోదారి గట్టు: దానికి జవాబు నాలుగో పాదంలో ఉంది. "భూభర్తలు తద్ధనాధికుల పట్టున గర్వము మానుటొప్పగున్." ఆ ధనం ఎక్కువున్నవాళ్ల దగ్గర రాజులు గర్వం మానాలని. భూభర్తలు అన్నచోట మేనేజ్‌మెంట్ అని చదువుకోండి. బావగారూ, ఆ పాదం కూడా వేస్తున్నారా, లేక పై మూడేనా?

కొత్తపేట బావ: మా ఎండీ గారు చూసి ఓకే చేయాలండీ. ప్రస్తుతానికి మూడే.

పాలమూరోణ్ణి: 'పట్టున' అంటే విషయంలో అనా, చోటున అనా? మా దిక్కు రెండూ వాడతరు.

లెక్కల మాస్టారు: మంచి ప్రశ్న. విడిగా పోస్టు పెట్టండి, అక్కడ తేలుద్దాం. ఇక్కడ క్-త్ యతి సంగతి ఇంకా తేలలేదు.