క్లచ్ వైరు కొత్తది వేసినా బండి గెంతుతోంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్

లంకవాసి:
పొద్దున్న తొమ్మిదింటికి మొదలుపెట్టానండి, ఇప్పుడు మూడైంది. అన్నం కూడా తినలేదు. క్లచ్ వైరు తెగిపోతే కొత్తది తెచ్చి వేశాను. ఇంజన్ స్టార్టవుతోంది. క్లచ్ నొక్కి ఫస్టు గేరు తిప్పగానే కప్పలా ఒక గెంతు గెంతి ఆగిపోతోంది. వైరు బిగువు సరిచేసే అడ్జస్టరు ఎటు తిప్పినా అంతే. నాలుగుసార్లు విప్పి బిగించాను. వైరు పోగులు విడిపోయి బొటనవేల్లో దిగాయి. తోసుకుని మెకానిక్ దగ్గరకు వెళ్ళాలంటే కాజ్‌వే దాటి ఆరు కిలోమీటర్లు. మా ఆవిడ అమ్మేయమంటోంది. వింటేజ్ బండి, అమ్మే ప్రశ్నే లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

పాలకొల్లు పాతబండి:
ఏ బండి?

టూస్ట్రోక్ పిచ్చోడు:
అన్నా, ముందు పెట్రోల్ సంగతి చూడు. ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో 20 శాతం ఇథనాల్. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. పాత బండ్ల రబ్బరు పైపులు, కార్బురేటర్ వాషర్లు దానికోసం చేసినవి కావు. మనవాళ్ళేమో పెట్రోల్లో కలిపే టూటీ ఆయిల్ కూడా కళ్ళతో కొలిచి పోస్తారు. లీటరుకి 20 మిల్లీలీటర్లు, అంతే. ఎక్కువ పోస్తే బండికి ఏదో బలం అనుకుంటారు, పొగ తప్ప ఏం రాదు. బండి పది రోజులకు పైగా తీయకపోతే ట్యాంకు కుళాయి కట్టేసి, కార్బురేటర్‌లో ఉన్నది కాలిపోయేదాకా ఇంజన్ ఆడించాలి.

లంకవాసి:
నేను అడిగింది క్లచ్ గురించండి. బజాజ్ చేతక్ స్కూటర్. 1986 మోడల్, నాన్నగారిది. గేరు తిప్పగానే అన్నాను కదా, ఇంకేం బండి అవుతుంది?

పాలకొల్లు పాతబండి:
చేతిలో గేరు తిప్పేవి వెస్పా, ప్రియా, విజయ్ సూపర్, లాంబ్రెట్టా, ఎల్.ఎం.ఎల్. కూడా ఉన్నాయి. లివర్ నొక్కితే కింద వైరు లాగే ఆర్మ్ కదులుతోందా?

రూల్స్ రాజమండ్రి:
ఒక చిన్న సవరణ. మీ బండి వింటేజ్ కాదు. 2021లో కేంద్రం మోటారు వాహనాల రూల్స్ సవరించింది. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్ళు దాటినదే వింటేజ్. నంబరు ప్లేటు మీద వి.ఎ. అన్న అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 ఫీజు. చేతక్ మార్కెట్‌లోకి వచ్చిందే 1972లో, మొదటి బ్యాచ్ బండ్లకే ఇప్పుడిప్పుడు ఆ హోదా వస్తోంది. మీది 1986 కాబట్టి పాత బండి అనండి, క్లాసిక్ అనండి, మీ ఇష్టం. 15 ఏళ్ళు దాటింది కదా, ఆర్.సి. రెన్యువల్ చేయించారా?

లంకవాసి:
సార్, దండం పెడతాను. ఆర్.సి. ఉంది. బండి కదలట్లేదు.

కొబ్బరితోట:
అవుటర్‌లోకి, అదే వైరు మీది గొట్టంలోకి, కొబ్బరినూనె పొయ్యి బాబాయ్. మేం చిన్నప్పటి నుంచీ అదే పోస్తాం. వెన్నలా జారుద్ది.

టూస్ట్రోక్ పిచ్చోడు:
కొబ్బరినూనె చలికాలం గడ్డకడుతుంది. ఆ తర్వాత దుమ్ము పట్టి బంక అవుతుంది. గ్రీజు వాడండి.

కొబ్బరితోట:
కోనసీమలో చలికాలం ఎప్పుడొచ్చిందండి?

రావులపాలెం రెంచి:
తమ్ముడూ, వైరు ఎలా వేశావో రాయలేదు కాబట్టి మొత్తం చెప్తాను, ఎక్కడ తేడా వచ్చిందో నువ్వే చూసుకో. కింద అడ్జస్టరు పూర్తిగా లోపలికి తిప్పి వదులు చేసుకోవాలి. హ్యాండిల్ తిన్నగా ఉంచాలి. కొత్త ఇన్నర్‌కి, అంటే గొట్టం లోపలి వైరుకి, గ్రీజు పట్టించి, లివర్ వైపు నుంచి నెమ్మదిగా తోయాలి. పోగులు ఏ వైపు మెలితిరిగి ఉన్నాయో ఆ వైపే వేళ్ళతో తిప్పుతూ తోయి, ఎదురు తిప్పితే చివర చీపురులా విచ్చుకుంటుంది. నీ వేలు కోసుకుంది అందుకే. చివర ముందే టంకం పెట్టించుకుంటే ఈ గొడవే ఉండదు. కింద బయటికి వచ్చాక వెనక చక్రం దగ్గర, ఇంజన్ అడుగున ఉన్న ఆర్మ్‌కి వైరుని పట్టే చిన్న బోల్టు ఉంటుంది. దాని తలని ఒక పానాతో కదలకుండా పట్టుకుని రెండో పానాతో నట్టు బిగించాలి. ఒక్క పానాతో బిగిస్తే బోల్టు మొత్తం తిరిగి వైరుని నలిపేస్తుంది, నెల తిరక్కుండా అక్కడే తెగుతుంది. లివర్ దగ్గర రెండు మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అయ్యాక హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూడు. ఏదో ఒక వైపు వైరు బిగుసుకుంటే లోపల మెలిక పడినట్టు.
ఇన్నర్ ఒక్కటే మార్చావా, అవుటర్ కూడా మార్చావా?

లంకవాసి:
వైరు ఒక్కటే మార్చానండి. పైన గొట్టం పాతదే.

పాతబస్టాండు:
వైరు అంటే కరెంటు వైరు. దీన్ని కేబుల్ అనాలి. షాపులో క్లచ్ వైరు అంటే ఇన్నర్ ఒక్కటే ఇస్తారు, క్లచ్ కేబుల్ అంటే గొట్టంతో సహా ఇస్తారు. అసలు గందరగోళం అక్కడే మొదలవుతుంది.

కొబ్బరితోట:
మా ఊళ్ళో రెండూ వైరే. బ్రేకు వైరు, క్లచ్ వైరు, గేరు వైరు. తాతల నాటి నుంచీ అంతే.

పాతబస్టాండు:
తాతల నాటికి చేతక్ లేదు.

పాలకొల్లు పాతబండి:
ఆర్మ్ కదులుతోందా అని అడిగాను. ఇంకా చెప్పలేదు.

లంకవాసి:
సారీ అండి, మళ్ళీ గడ్డి పరిచి బండి పడుకోబెట్టి చూశాను. మా వాడు పైన లివర్ నొక్కాడు. ఆర్మ్ పూర్తిగా కదులుతోంది, వదిలితే వెనక్కి వచ్చేస్తోంది. హ్యాండిల్ తిప్పినా బిగుసుకోవట్లేదు.

పాలకొల్లు పాతబండి:
అయితే వైరు తప్పు కాదు. బండి ఎన్నాళ్ళు ఆగిపోయి ఉంది?

లంకవాసి:
కొన్నాళ్ళుగా వాడట్లేదండి. నాన్నగారు పోయాక ఎవరూ తీయలేదు. 2022 జులై వరదకి ఫుట్‌బోర్డు దాకా నీళ్ళొచ్చాయి, నాలుగు రోజులు అలాగే ఉంది. తర్వాత కడిగి కొట్లో పెట్టేశాం. పోయిన వారం బయటికి తీసి, కార్బురేటర్ కడిగి ప్లగ్ మారిస్తే నాలుగో కిక్కుకి స్టార్టయింది. క్లచ్ రాయిలా ఉంటే రెండు చేతులతో నొక్కాను, టప్పుమని తెగింది. అది ముఖ్యం అనుకోలేదు.

రావులపాలెం రెంచి:
ఓరి నాయనో. ఇదా ముఖ్యం కానిది?
ఆ అవుటర్ లోపల తుప్పు, అందుకే రాయిలా ఉంది. అది మార్చాల్సిందే, కానీ ఇప్పుడు గెంతడానికి కారణం అది కాదు. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఈ బండిలో ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి. ఏళ్ళ తరబడి కదలకుండా, పైగా నీళ్ళు దిగి ఉంటే, అప్పడాల కట్టలా అంటుకుంటాయి. నువ్వు పైన ఎంత నొక్కినా అవి విడిపోవు.
అడుగున డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిల్ ఒక పళ్ళెంలోకి దింపు. పాలు కలిసిన రంగులో ఉంటే నీళ్ళు ఉన్నట్టే. కొత్తగా ముప్పై నంబరు ఆయిల్ పావు లీటరు పొయ్యి. స్టాండు మీద న్యూట్రల్‌లో పది నిమిషాలు ఆడించి వేడెక్కించు. ఆపేసి, లివర్ నొక్కి సైకిల్ ట్యూబు ముక్కతో గ్రిప్పుకి కట్టేసి రాత్రంతా వదిలెయ్. పొద్దున్నే, ఇంజన్ ఆపే ఉంచి, మూడో గేరులో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపు. వదులైతే నీకే తెలుస్తుంది, ఒక్కసారిగా తేలిగ్గా దొర్లుతుంది. కాకపోతే వెనక చక్రం విప్పి క్లచ్ మూత తీసి ప్లేట్లు చేత్తో విడదీయాలి. దానికి ప్రత్యేకం పానా కావాలి, ఇంట్లో వద్దు.

టూస్ట్రోక్ పిచ్చోడు:
ట్యాంకులో ఉన్నది కూడా మార్చెయ్. వరదనాటి పెట్రోల్ అయి ఉంటుంది.

రూల్స్ రాజమండ్రి:
వరదలో మునిగిన వాహనానికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేశారా? థర్డ్ పార్టీ ఒక్కటే అయితే రాదు.

కొబ్బరితోట:
సార్, మీరు పడుకోండి.

(రెండు రోజుల తర్వాత)

లంకవాసి:
విడిపోయిందండి. మొదటి రాత్రి కాలేదు, రెండో రోజు ఊపుతుంటే టక్కుమంది. ఆయిల్ అచ్చం టీ లాగే వచ్చింది, మా ఆవిడ వాసన చూసింది కూడా. అవుటర్ ఆదివారం మారుస్తాను. థ్యాంక్స్.

పాతబస్టాండు:
షాపులో కేబుల్ అని అడుగు.

ప్రియా ఫ్యాన్:
గ్రూపులో కొత్త. మాది ప్రియా. గేరు వైర్లు రెండూ ఒకేసారి విప్పేశాను, ఇప్పుడు ఏది పైకి ఏది కిందకో తెలియట్లేదు. ఎవరైనా ఉన్నారా?

పాలకొల్లు పాతబండి:
రెండూ ఎందుకు విప్పావు?