గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు: అసలు ఏ గొంగడి?

నిన్న గ్రూపులో ఒకరు ఈ సామెత పెట్టి, అన్నంలో వెంట్రుక వస్తే తీసి పారేయకూడదా అని అడిగారు. నవ్వొచ్చింది గానీ అడగడంలో న్యాయం ఉంది. మన విశాఖలో గొంగడి, అంటే గొర్రె ఉన్నితో నేసిన దుప్పటి, చూసినవాళ్లు ఎంతమంది? ఆనందపురం దాటితే రోడ్డు పక్కన మందలు కనిపిస్తాయి, కానీ ఆ గొర్రెల ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకే, వడకడానికి పనికొచ్చే ఉన్ని కాదు. నెల్లూరు జాతీ అంతే.

గొంగడి దక్కన్ పీఠభూమిది. అక్కడి దక్కనీ గొర్రెల నల్లటి ముతక ఉన్నిని, గొర్రెలు కాసే కురుమలు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, వడికిన నూలుకి చింతగింజల గంజి పట్టించి మగ్గం మీద నేస్తారు. వాన పడితే మడిచి తలమీంచి వేసుకుంటారు, రాత్రి మంద దగ్గర అదే పక్క, అదే దుప్పటి, అన్నం తినడానికి కింద పరుచుకునేదీ అదే. ముతక ఉన్ని కాబట్టి వెంట్రుకలు రాలకుండా ఉండవు. అవన్నీ ఏరుతూ కూర్చుంటే తినేదెప్పుడు?

ఈ మధ్య దీనికి 'తప్పులు వెతకడం' అని అర్థం చెప్పేస్తున్నారు. అది సగమే. ఊరికే వంకలు పెట్టేవాడికి ఈ సామెత తగలదు. బీచ్ రోడ్డులోనే ఫ్లాట్ కావాలని పట్టుబట్టి కొనుక్కుని, ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పడుతున్నాయని గోల పెట్టేవాడికైతే సరిగ్గా సరిపోతుంది.

కామెంట్: మా అమ్మమ్మ 'కంబళిలో తింటూ' అనేది. రెండూ ఒకటేనాండీ?

జవాబు: సామెత ఒకటేనండీ. కంబళి సంస్కృతం 'కంబలం' నుంచి వచ్చింది, షాపులో కొన్న రగ్గుని కూడా కంబళి అనేస్తాం. గొంగడి అంటే మాత్రం ఆ నల్లటి చేనేతే గుర్తొస్తుంది. నూగున్న పురుగుని గొంగళి పురుగు అంటున్నాం కదా, మన దగ్గర ఆ మాట ఎక్కువగా మిగిలింది అక్కడే.

కామెంట్: గొల్లలూ కురుమలూ వేరా?

జవాబు: వేరు. ఇద్దరూ గొర్రెలు కాస్తారు, ఒగ్గుకథ అనే జానపద కథాగానం ఇద్దరిదీ, గొంగడి నేత మాత్రం కురుమలది. వాళ్లలో పెళ్లికి ఉన్ని కంకణం కట్టేవాళ్లు, పత్తి కంకణం కట్టేవాళ్లు అని మళ్లీ శాఖలు. కన్నడ కురుబల్లోనూ ఈ తేడా ఉంది. కన్నడంలో గొర్రెని 'కురి' అంటారు, మన గొర్రెకి చుట్టమే.

ఇంకోటి. ఇప్పుడు డబ్బంతా మాంసంలోనే ఉంది, ఉన్నికి ధర లేదు. 2017లో తెలంగాణలో గొల్ల కురుమలకి మనిషికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సబ్సిడీ మీద ఇచ్చినప్పుడు మన ఆంధ్ర నుంచి కూడా కొనుక్కెళ్లారు. అలా వెళ్లిన నెల్లూరు రకం గొర్రెలకి కత్తిరించడానికి ఉన్నే ఉండదు.