రెండంగుళాలు లిఫ్ట్ చేశాక పాత షాక్స్‌తోనే నెట్టుకురావచ్చా?

మట్టిబాట: నా బండికి ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), కాయిల్ స్ప్రింగులు. పొడుగు స్ప్రింగులు వేయించి రెండంగుళాలు ఎత్తించాను. షాక్ అబ్జార్బర్లు మాత్రం బండితో వచ్చినవే. మామూలు రోడ్డు మీద బాగానే ఉంది. చక్రం గుంతలోకి దిగినప్పుడల్లా కింద సుత్తితో కొట్టినట్టు 'టక్' మంటోంది. మెకానిక్ ఎక్స్‌టెన్షన్ బ్రాకెట్లు (షాక్ బిగించే చోటును జరిపే ఇనుప ముక్కలు) చాలంటున్నాడు, ఫ్రెండ్ పొడుగు మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే) షాక్స్ కొనమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

నాలుగోగేరు: బ్రాకెట్లే చాలు. బరువు మోసేది స్ప్రింగు, షాక్ కాదు. ఎంత ఎత్తారో అంత బ్రాకెట్ పెడితే షాక్ మళ్లీ పాత కొలతలోకి వచ్చేస్తుంది. మూడేళ్లుగా అలాగే తిరుగుతున్నాను, ఇంకేదీ ముట్టుకోలేదు.

గ్రీజుచేతులు: బంప్‌స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) కూడా ముట్టుకోలేదా అన్నా? అయితే కష్టమే. ముందు ఆ 'టక్' సంగతి చూద్దాం. మాటవరసకు షాక్ పూర్తిగా సాగితే 600 మి.మీ., బండి నిలబడ్డప్పుడు 490 అనుకోండి. కిందకి 110 చోటుంది. రెండంగుళాలు ఎత్తాక అదే షాక్ 540 దగ్గర నిలబడుతుంది, మిగిలేది 60. చక్రం ఇంకా దిగబోతే షాకే గొలుసులా యాక్సిల్‌ను పట్టి ఆపుతుంది. చప్పుడు అదే అయుంటుంది.

బ్రాకెట్ దీన్ని సరిచేస్తుంది, కాదనను. కానీ యాక్సిల్ పైకి వచ్చినప్పుడో? బంప్‌స్టాప్‌కి తగలకముందే షాక్ పూర్తిగా ముడుచుకుపోతుంది, ఆ దెబ్బంతా దానికే. అందుకే బంప్‌స్టాప్‌ను కూడా అంతే కిందకి దించాలి. అది చేస్తే బండి ఎత్తు పెరుగుతుంది కానీ చక్రం కదిలే మేర మాత్రం కొన్నప్పుడు ఎంతో అంతే.

నాలుగోగేరు: సరే, బంప్‌స్టాప్ మాట ఒప్పుకుంటా. అయినా మోనోట్యూబ్ ఎందుకు? అందులో పిస్టన్ బయటి గొట్టం గోడనే రాసుకుంటూ తిరుగుతుంది. రాయి తగిలి సొట్టపడిందా, పిస్టన్ ఇరుక్కుంటుంది. గొట్టంలో గొట్టం ఉండే ట్విన్‌ట్యూబ్‌కి బయటి గొట్టమే కవచం.

ఎర్రదుమ్ము: నెమ్మదిగా రాళ్లెక్కేవాళ్లకి ఆ మాట నిజమే. నాది ముడతల మట్టిరోడ్డు మీద గంటలకొద్దీ పరుగు. ట్విన్‌ట్యూబ్‌లో వేడి తొందరగా బయటికి పోదు, నూనెలో నురగ కడుతుంది, షాక్ పట్టు తప్పుతుంది. గంటన్నర నడిపేసరికి పడవలో కూర్చున్నట్టు ఊగేది నా బండి. మోనోట్యూబ్‌లో నైట్రోజన్‌ను, నూనెను ఒక ఫ్లోటింగ్ పిస్టన్ విడదీస్తుంది, గొట్టానికి నేరుగా గాలి తగులుతుంది. మార్చాక ఆ ఊపు లేదు.

గ్రీజుచేతులు: ట్యూబుల తగవు తర్వాత చూసుకుందాం. తమ్ముడూ, ముందు కొలవండి. బండిని ఛాసీ కింద స్టాండ్ల మీద నిలిపి, స్ప్రింగులు తీసి, యాక్సిల్‌ను జాకీతో బంప్‌స్టాప్‌కి ఆనించండి. అప్పుడు పై మౌంటుకీ కింది మౌంటుకీ మధ్య దూరం రాసుకోండి. తర్వాత బ్రేక్ హోస్ (బ్రేక్ నూనె వెళ్లే గొట్టం) బిగుసుకునేదాకా మెల్లగా దించి మళ్లీ కొలవండి. కొత్త షాక్ ముడుచుకున్న పొడవు మొదటి కొలత కంటే తక్కువుండాలి, సాగిన పొడవు రెండోదాన్ని దాటకూడదు. దాటితే చక్రాన్ని ఆపేది బ్రేక్ హోసే! లిమిట్ స్ట్రాప్ (యాక్సిల్ మరీ కిందకి దిగకుండా ఆపే పట్టీ) కట్టుకుంటే షాక్‌కి కూడా ఆ గుంజుడు తప్పుతుంది.

ఇంకో మాట. షాక్ చివర్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు నేల మీద ఆనాకే పూర్తిగా బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. నట్టు తిరక్కపోతే షాక్‌లోకి జారే రాడ్‌ను మాత్రం పట్టకారుతో పట్టొద్దు. గీత పడితే సీల్ పోతుంది.

మట్టిబాట: నిన్న కొలిచాను. ఆనించినప్పుడు 410, దించినప్పుడు 665. పాత షాక్ సాగేది 605 వరకే, అంటే 60 తక్కువ. 395 నుంచి 650 దాకా పనిచేసే ట్విన్‌ట్యూబ్ తీసుకుంటున్నా, నేను తిరిగేది ఎక్కువగా రాళ్లలోనే కాబట్టి. ఎర్రదుమ్ము గారూ, ఏమీ అనుకోకండి.

ఎర్రదుమ్ము: ఎండలో దూర ప్రయాణం పెట్టుకున్నప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

నాలుగోగేరు: మీ గోల విని నా బండి కిందకీ దూరాను. వెనక కుడివైపు షాక్ నూనె కారుస్తోంది. బ్రాకెట్లు తీయను గానీ, ఆదివారం షాక్ మార్చి బంప్‌స్టాప్‌లు దించుతా.