జోన్ వచ్చింది, అది బాక్టీరియోసినేనా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):
ఎమ్మెస్సీ ప్రాజెక్టు. మనిషి మలం నమూనా నుంచి ఒక లాక్టోబాసిల్లస్, తరవాణి కుండ నుంచి ఇంకొకటి తీశాం. ఎంఆర్‌ఎస్ బ్రాత్‌లో (బాక్టీరియాను పెంచే పోషక ద్రవం) రాత్రంతా పెంచిన సూపర్నేటెంట్ (కణాల పైన తేరిన ద్రవం) వెల్‌లో (అగర్ ప్లేటులో చేసిన గుంట) పోస్తే స్టాఫైలోకాకస్ మీదా, ఈ.కోలై మీదా జోన్ (బాక్టీరియా పెరగని ఖాళీ వలయం) వస్తోంది. బాక్టీరియోసిన్ (ఒక బాక్టీరియా వేరే బాక్టీరియాను చంపేందుకు చేసే పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్) అని రాసేయొచ్చా?

పెట్రిప్లేటు (విజయనగరం):
ఇప్పుడే రాయకండి. రెండింటి మీదా వచ్చిందంటేనే అనుమానించాలి. లాక్టిక్ బాక్టీరియా పెప్టైడ్లు చాలామటుకు ఈ.కోలై బయటి పొర దాటలేవు, ఆమ్లం దాటుతుంది. ఎంఆర్‌ఎస్‌లో లీటరుకి 20 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది, తెల్లారేసరికి పీహెచ్ 4 దగ్గరికి దిగిపోతుంది.

ముందు సెంట్రిఫ్యూజ్ చేసి కణాలు తీసేయండి. ఆ తర్వాతే 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వేసి పీహెచ్ 6.5కి తెండి. ఈ వరస తిరగబడితే పని పాడు: పీహెచ్ 6 దగ్గర ఈ పెప్టైడ్లు తమను చేసిన కణాలకే అతుక్కుని, అడుగున దిగే కణాల ముద్ద అయిన పెల్లెట్‌తో పోతాయి. తర్వాత 0.22 మైక్రాన్ ఫిల్టర్. 6 మి.మీ. వెల్‌లో 100 మైక్రోలీటర్లు పోసి, 2 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, అప్పుడు ఇంక్యుబేటర్‌లో పెట్టండి. వెల్ అడుగున కరిగించిన అగర్ చుక్క వేయకపోతే ద్రవం కిందికి జారి జోన్ వంకర తిరుగుతుంది. పక్క వెల్‌లో బాక్టీరియా వేయని ఎంఆర్‌ఎస్‌ని లాక్టిక్ ఆమ్లంతో పీహెచ్ 4కి దింపి పోయండి. అదీ జోన్ ఇస్తే మీ జోన్ ఆమ్లానిదే కావచ్చు, ఇంక చెప్పేదేముంది!

చోడి_అంబలి:
ఆమ్లాన్ని తటస్థం చేశాక కూడా జోన్ మిగిలితే కెటలేజ్‌తో (హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని విరిచే ఎంజైము) ఆ పెరాక్సైడ్ సంగతి తేల్చుకుని, ఎంజైముల దగ్గరికి వెళ్లండి. ట్రిప్సిన్ (ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైము) ఒక్కటే వాడి "ప్రోటీన్ కాదు" అనేయకండి. నైసిన్ అనే బాక్టీరియోసిన్ ట్రిప్సిన్‌కి లొంగదు, కైమోట్రిప్సిన్‌కి లొంగుతుంది. ఎంజైము కలిపిన బఫర్‌కి విడిగా ఒక వెల్ తప్పదు. ఇండికేటర్‌గా (జోన్ చూడడానికి ప్లేటులో పెంచే బాక్టీరియాగా) మైక్రోకాకస్ లూటియస్ పెట్టుకోండి, నైసిన్ లాంటివి కొద్దిపాటి ఉన్నా చూపిస్తుంది.

నాగావళి_ఒడ్డు:
థాంక్స్ మేస్టారూ. తరవాణిలో ఈ పెప్టైడ్ ఉంటే, తాగినప్పుడు పేగుదాకా వెళ్తుందా?

చోడి_అంబలి:
నైసిన్ లాంటిదైతే చిన్నపేగులో కైమోట్రిప్సిన్ ముక్కలు చేసేస్తుంది. బాక్టీరియా పేగులోనే ఉండి అక్కడికక్కడ తయారుచేస్తే లెక్క వేరు. 2007లో ఎలుకల్లో ఇది చూపించారు: మనిషి పేగు నుంచి తీసిన లాక్టోబాసిల్లస్ సాలివేరియస్ యూసీసీ118 లిస్టీరియా అనే రోగకారక బాక్టీరియా నుంచి కాపాడింది, ఏబీపీ118 అనే బాక్టీరియోసిన్ చేయలేని దాని మ్యూటెంట్ (జన్యువు మారిన రూపం) కాపాడలేకపోయింది. మీరు మలం నుంచి తీసిన బాక్టీరియాకి ముందు పైత్యరసం పరీక్ష పెట్టండి: 0.3 శాతం ఆక్స్‌గాల్ (ఎండబెట్టిన ఎద్దు పైత్యరసం) కలిపిన ఎంఆర్‌ఎస్‌లో పెరుగుతోందా, లేదా?